కుందమాంబ బ్యాచ్

అశోక్‌నగర్‌లో కొత్తగా దిగిన మనిషిని ముందు పేరు అడగరు. ఎవరి బ్యాచ్ అని అడుగుతారు. హిస్టరీ ఏ సార్ దగ్గర, ఎకానమీ ఏ సార్ దగ్గర, పొద్దుటి బ్యాచా, సాయంత్రం బ్యాచా, ఇవన్నీ తేలాక తీరుబడిగా పేరు, ఊరు. సందు నిండా హాస్టళ్లు, హాస్టళ్ల కింద జెరాక్సు షాపులు, షాపుల ముందు చాయ్ బండ్లు. ఎటు చూసినా ప్రభుత్వ ఉద్యోగం కోసం పరీక్షలు రాసేవాళ్లే. అలాంటి చోట నవనీత ఏళ్ల తరబడి ఉంటోంది, ఒక్క గ్రూప్స్ పరీక్ష కూడా రాయకుండా. పెళ్లింట్లో ఉపవాసం ఉన్న మనిషిని చూసినట్టు చూసేవాళ్లు ఆమెను.

ఆమెది హుస్నాబాద్ దగ్గర పల్లె. నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన ఒక కాలేజీలో రీసెర్చ్ సెంటర్ ఉంది, అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. దేని మీద అని అడిగితే మొదట్లో పాపం ఓపికగానే చెప్పేది, క్వాంటమ్ కంప్యూటర్లలో నాయిస్ మీద అని. వినేవాళ్లు కాసేపు ఆలోచించి, అది సిలబస్‌లో ఏ యూనిట్ కిందికి వస్తుందని అడిగేవాళ్లు. తర్వాత్తర్వాత ఆమె ‘ఫిజిక్స్’ అని ఊరుకోవడం నేర్చుకుంది.

మీకైనా సరిగ్గా చెప్పాలి కదా. మామూలు కంప్యూటర్ సున్నా అంటే సున్నా, ఒకటి అంటే ఒకటి అని పెట్టుకుని కూర్చుంటుంది. క్వాంటమ్ కంప్యూటర్‌లో ఆ పని చేసే బుల్లి భాగాన్ని క్యూబిట్ అంటారు. అది రెండు స్థితులనూ కలిపి పట్టుకోగలదు, దాని గొప్పంతా అక్కడే ఉంది. కానీ మహా సుకుమారం. కాస్త వేడి తగిలినా, తీగలో కరెంటు కాస్త వణికినా ఆ పట్టు జారిపోతుంది, చెప్పిన సంగతి మరిచిపోతుంది. ఆ మరుపుకు డీకోహెరెన్స్ అని పేరు. మరుపు తెప్పించే గోలంతా నాయిస్. ఈ గోల ఎంత ఉంటుంది, దాని వల్ల ఎన్ని జవాబులు తప్పుతాయి అని ముందుగా లెక్కగట్టి చెప్పే నమూనా తయారు చేయడమే నవనీత పని. మెషిన్ ఇక్కడ లేదు, బెంగళూరులో ఒక ల్యాబ్‌లో ఉంది. నారాయణగూడలో కూర్చుని లెక్కలు పంపితే అది జవాబులు తిప్పి పంపుతుంది.

మరుపుకు మందు కూడా ఉంది. ఒక్క క్యూబిట్‌ను నమ్ముకోకుండా ఒకే సంగతిని కొన్నింటిలో పరిచి పెడతారు. చివర్లో ఎక్కువ క్యూబిట్లు ఏమంటే అదే జవాబు. మూడింటిలో ఒకటి మరిచినా మిగతా రెండూ కాపాడతాయి. మూడు చాలకపోతే ఐదు, ఐదు చాలకపోతే ఏడు. అలా పెంచుకుంటూ పోతే తప్పు దాదాపు మాయమైపోవాలి. నవనీత నమూనా సరిగ్గా ఆ మాటే చెప్పింది. మెషిన్ మాత్రం వినలేదు. మూడు పెట్టినా, ఐదు పెట్టినా, ఏడు పెట్టినా తప్పు ఉన్నచోటే మొండికేసి కూర్చుంది.

గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇక మూడోసారి అడగొద్దని కాలేజీ వాళ్లు మొహం మీదే చెప్పారు. వచ్చే నెల రివ్యూ కమిటీ ముందు నమూనా నిలబడితే థీసిస్ ఇచ్చుకోవచ్చు. నిలబడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఇన్నేళ్ల కష్టం గంగలో కలిసినట్టే. ఊళ్లో వాళ్లమ్మ భూదేవి ఫోన్ చేసినప్పుడల్లా, అందరి పిల్లల లెక్క నువ్వు కూడా ఒక్క ఫారమన్న నింపరాదా బిడ్డా అని బతిమాలేది. నింపుతానని నవనీత ఏనాడూ అనలేదు కానీ, ఈ మధ్య నింపనని అనడం కూడా మానేసింది.

గైడ్ సుందరరావు గారు మంచి మనిషే. కాకపోతే ఆయనకు తన నమూనా మీద కన్నబిడ్డ మీద ఉన్నంత మమకారం. ఒక్కో క్యూబిట్ దేని దారిన అది, పక్కదానితో పని లేకుండా మరిచిపోతుందన్నది ఆయన నమూనాకు పునాది. దాని మీద ఆయన పేపర్లు రాశారు, పేరు తెచ్చుకున్నారు. నవనీత కట్టిందంతా ఆ పునాది మీదే. మెషిన్ మొరాయిస్తోందని చెబితే ఆయన మెషిన్‌నే తిట్టారు. ఆ తర్వాత చిన్న సర్దుబాటు నేర్పారు: ఒక్కో క్యూబిట్ తప్పే పాళ్లను కాస్త పెంచి రాసుకో, సరిపోతుంది అని. ఆమె పెంచింది. మూడింటికి సరిపోయింది, ఐదింటికి చెడింది. ఐదింటికి సరిచేస్తే మూడింటికి చెడింది. పొట్టి దుప్పటి కప్పుకున్నట్టు తల దాచుకుంటే కాళ్లు బయట. అది నమూనా కాదని, మోసమని ఆమెకు లోపల తెలుస్తూనే ఉంది. తెలిసి చేస్తున్నందుకు తన మీద తనకే చిరాకేసేది.

అలాంటి రోజుల్లో గ్రూప్ టూ పరీక్ష వచ్చింది. రూమ్మేట్ జ్యోత్స్న పరీక్ష రాసి సాయంత్రం వచ్చింది, బ్యాగు మంచం మీద పడేసి నవనీతను చెయ్యి పట్టుకుని కిందికి లాక్కుపోయింది.

అశోక్‌నగర్‌లో ఒక ఆచారం ఉంది. పరీక్ష అయ్యాక సరైన జవాబుల పట్టిక, అదే అసలు కీ, వచ్చేదాకా ఎవరూ ఆగరు, ఆ రోజే వీళ్లు తమ కీ తయారు చేసుకుంటారు. చిక్కడపల్లి లైబ్రరీ నుంచి వచ్చేవాళ్లు, హాస్టళ్ల నుంచి వచ్చేవాళ్లు, అందరూ చాయ్ బండి చుట్టూ చేరతారు. ఒకరు ప్రశ్న చదువుతారు. ఏ జవాబుకు ఎక్కువ చేతులు లేస్తే అది కీ. ప్రభుత్వం ఇచ్చే కీ మీద కూడా అనుమానాలు ఉంటాయి గానీ, ఈ చేతుల కీ మీద ఎవరికీ అనుమానం ఉండదు. అంతమంది కలిసి తప్పుతారా అని ధైర్యం.

ఆ సాయంత్రం జ్యోత్స్నే ప్రశ్నలు చదివింది. నవనీత గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది. తన పని కూడా ఇదే కదా, ఎక్కువ చేతులు ఎటుంటే అటు, అని ఆమెకు నవ్వొచ్చింది కూడా. కొన్ని ప్రశ్నలయ్యాక బయ్యారం చెరువు శాసనం ఎవరు వేయించారన్న ప్రశ్న వచ్చింది. కుందమాంబ అనగానే చేతులు చేలో కంకుల్లా లేచాయి. నారాయణగూడ యూత్ హాస్టల్ నుంచి స్నేహితుణ్ని కలవడానికి వచ్చిన సురేశ్ అనే అబ్బాయి ఒక్కడే మైలాంబ అన్నాడు. అతను చదివింది నారాయణగూడలో వేరే సార్ దగ్గర.

“ఇంతమందిమి తప్పు, నువ్వొక్కనివే రైటా అన్నా?” అంది జ్యోత్స్న.

సురేశ్ లేచిన చేతుల వంక చూశాడు. గొంతు తగ్గించి, ఏమో, నాదే తప్పు కావచ్చు అన్నాడు. అందరూ నవ్వారు. దాచుకోవడం దేనికి, నవనీత కూడా నవ్వింది. ఆమె చదివిన లెక్కల ప్రకారం అన్ని చేతుల ముందు ఒక్క చెయ్యి తప్పు కాక ఏమవుతుంది మరి.

కొన్నాళ్లకు అసలు కీ వచ్చింది. పొద్దున్నే సందంతా ఒకటే గగ్గోలు. నవనీత టిఫిన్ ముగించి వచ్చేసరికి జ్యోత్స్న మంచం మీద చెంపకు చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది, ముందు జెరాక్సు కాగితాలు పరిచి ఉన్నాయి. మైలాంబే రైటట. మైలాంబ, కుందమాంబ ఇద్దరూ కాకతీయ గణపతిదేవుని తోబుట్టువులే. వాళ్ల సార్ షీటు టైపు చేయించినప్పుడు ఒకరి పేరు బదులు ఇంకొకరి పేరు పడింది. పడిందాన్ని సార్ చూసుకోలేదు సరికదా, గుర్తుండిపోవాలని పైనుంచి ఒక కిటుకు కూడా చెప్పాడు. చెరువంటే నీళ్లు, నీళ్లకు పోతే కుండ, కుండంటే కుందమాంబ. ఇంక మరిచిపోతారా ఎవరైనా? బ్యాచ్ బ్యాచంతా కుండ పట్టుకుని బయ్యారం చెరువులోకి దిగింది.

నవనీత ఓదార్పుగా పక్కన కూర్చుని, ఒక్క మార్కే కదా, మిగతా మార్కులు అందరికీ ఒక్క తీరుగనే పోయాయా అని అడిగింది. ఊరికే అడిగింది, మాట కలపాలని.

“మిగిలినయ్ ఎవ్వరివి వాళ్లకు పోయినయక్కా. నాకు ఎకానమీల పోయినయ్, పక్క రూం సంయుక్తకు పాలిటీల పోయినయ్. మార్కులు చూస్తే అందరివి ఒక్కతీరుగనే ఉంటయ్. ఏ ప్రశ్న తప్పినమో చూస్తేనే తెలుస్తది, గిదొక్కటి మాత్రం అందరం కల్సి తప్పినం.”

నవనీత ఆ కాగితాలను తన వైపు తిప్పుకుంది. మార్కులు చూస్తే తెలియదు. ఏ ప్రశ్న తప్పారో చూడాలి. ఇన్నేళ్లుగా తాను చూస్తున్నదేమిటి? మార్కులు. ఈ క్యూబిట్ నూటికి ఇన్నిసార్లు తప్పింది, ఆ క్యూబిట్ నూటికి అన్నిసార్లు తప్పింది, అంతే. ఏ రెండూ ఒకేసారి తప్పాయో ఎన్నడూ చూడలేదు. దేని దారిన అది తప్పుతుందని సుందరరావు గారి నమూనా ముందే ఒట్టేసి చెప్పింది కాబట్టి చూడాల్సిన అవసరమే రాలేదు. కానీ ఆ క్యూబిట్లన్నీ ఒకే సార్ దగ్గర చదివి ఉంటే? ఒకే చోట పుట్టిన తప్పును అన్నీ కలిసి మోస్తుంటే? అప్పుడు మూడు చేతులు లేచినా, ఏడు చేతులు లేచినా ఒకటే. అవి ఏడు చేతులు కావు, ఒక్క చెయ్యే.

జ్యోత్స్న ఇంకా సార్‌ను తిడుతూనే ఉంది. నవనీత చెప్పులు వేసుకుంది. ఎటు పోతున్నావని అడిగితే కాలేజీకి అంది. ఆటో కోసం కూడా ఆగకుండా నారాయణగూడ దాకా నడిచిపోయింది, దారిలో ఎవరు పలకరించారో, తాను ఏం బదులిచ్చిందో ఇప్పటికీ ఆమెకు గుర్తులేదు.

మెషిన్‌ను నడిపిన ప్రతిసారీ ఏ క్యూబిట్ ఏమందో ఆ చిట్టా మొత్తం కంప్యూటర్‌లో అలాగే పడి ఉంది. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ దాన్నంతా సగటు చేసి చేతికిస్తుంది కాబట్టి ఎవరూ విప్పి చూసిన పాపాన పోలేదు. ఆమె విప్పింది. రెండేసి క్యూబిట్లను జత కట్టి, అవి ఎన్నిసార్లు కలిసి తప్పాయో చూసుకుంటూ పోయింది. దేని దారిన అది తప్పితే అలా కలిసి తప్పడం చాలా అరుదుగా జరగాలి. కొన్ని జతలు అలాగే ఉన్నాయి. మరికొన్ని జతలు మాత్రం ఒట్టేసుకున్నట్టు కలిసి తప్పాయి, కలిసి నిలబడ్డాయి. వాటిని గుంపులుగా విడదీస్తే మెషిన్ అంతా ఐదారు బ్యాచ్‌లుగా తేలింది. ల్యాబ్ వాళ్లు ఇవి చాలా మంచివి, ఇవే వాడండి అని సిఫారసు చేసిన క్యూబిట్లు, తాను ఇన్నాళ్లూ వాడినవి, దాదాపు అన్నీ ఒకే బ్యాచ్‌లో ఉన్నాయి. పేరున్న సార్ దగ్గరికే అందరూ పోయినట్టు. ఆ గుంపుకు ఒక పేరు పెట్టాలి కదా, కీబోర్డు మీద చేతికి వచ్చిన పేరు కొట్టేసింది. కుందమాంబ.

కానీ ఎందుకు? చిప్పు బొమ్మలో చూస్తే ఆ గుంపులోని క్యూబిట్లు పక్కపక్కన కూడా లేవు. ల్యాబ్‌లో ఇంజనీరు సాయిచైతన్యకు ఆమె ఆ గుంపుల పట్టిక పంపి, వీటి మధ్య ఏమైనా చుట్టరికం ఉందా అని అడిగింది. జవాబు రాయకుండా అతను నేరుగా ఫోనే చేశాడు. ఒక్కో గుంపుకూ ఒక్కో తీగ ఉందట, ఆ తీగ మీదుగానే ఆ గుంపు క్యూబిట్లకు సంకేతాలు వెళతాయట. తీగ వణికితే గుంపంతా వణుకుతుంది.

“ఈ తీగల సంగతి మేం ఎక్కడా బయట పెట్టలేదండీ. మీకెలా తెలిసింది?” అన్నాడు సాయిచైతన్య.

చాయ్ బండి దగ్గర తెలిసింది అంటే బాగుండదని ఆమె లెక్కల్లో తేలిందంది. ఫోన్ పెట్టేశాక కాలేజీ మెట్ల మీద కూర్చుని, ఎదురుగా ఫ్లైఓవర్ మీద బస్సులు పోతుంటే చూస్తూ తనలో తాను నవ్వుకుంది. ఇన్నేళ్లలో ఆ మెషిన్ లోపలి సంగతిని మెషిన్ వాళ్లు బయట పెట్టకముందే తాను చెప్పడం అదే మొదటిసారి. ఏనుగెక్కినంత సంబరంగా ఉంది ఆమెకు. ఆ సంబరం కాస్త తగ్గాక గైడ్ గుర్తొచ్చారు, నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

ఆదివారం పొద్దున చిక్కడపల్లిలో సుందరరావు గారింటికి వెళ్లింది. ఆయన నాన్నగారు ఉమ్మడి రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో సెక్రటేరియట్ ఉద్యోగం మీద ఏలూరు నుంచి వచ్చి అక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆయన స్వయంగా కాఫీ కలిపి తెచ్చారు. నవనీత కీ సంగతి, కుండ సంగతి దాచకుండా చెప్పింది, పట్టికలు ముందు పెట్టింది. వింటున్నకొద్దీ ఆయన మొహంలో రంగులు మారాయి. ఫిజిక్సుకు చాయ్ బండి సాక్ష్యమా అని మొదట కసిరారు. రివ్యూ దగ్గర పడ్డాక ఈ కొత్త పాట ఏమిటని విసుక్కున్నారు. ఆ తర్వాత పట్టికలు దగ్గరికి లాక్కున్నారు. కాఫీ చల్లారిపోయింది, ఆయన ముట్టుకోలేదు.

“అంటే నా నమూనా తప్పంటావు” అన్నారు చివరికి.

“తప్పు కాదు సార్. ఒక్కొక్క క్యూబిట్ గురించి మీరు చెప్పింది కరెక్టే. అన్నీ కల్సి తప్పేది దాంట్ల లేదు, అంతే. ఇదొక్కటి కలిపితే మీ లెక్క నిలబడుతది.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆయన మీద ఎవరికైనా జాలేస్తుంది. పాతికేళ్లుగా మోసిన బిడ్డలో లోపం ఉందని విద్యార్థి వచ్చి చెబితే ఎవరికి బాధుండదు? కానీ ఆయన గట్టివాడు. రెండు నమూనాలూ కమిటీ ముందు పెడదామన్నారు. పాతది తన పేరుతోనే ఉండాలని, ఓడితే తనదే ఓడాలని, నవనీత దాని జోలికి రావద్దని అన్నారు. ఆమె లేచి దండం పెట్టింది. గేటు దాకా వచ్చి ఆయన ఆ కుండ కిటుకు ఏంటో మళ్లీ ఒకసారి చెప్పించుకున్నారు.

రివ్యూ రోజు సెమినార్ హాలు నిండిపోయింది. పరీక్షకురాలిగా బయటి నుంచి హైమవతి గారు వచ్చారు. ఆవిడ పేరు చెబితే రీసెర్చ్ పిల్లలకు చెమటలు పడతాయి. నవనీత పాత ఫలితాలకు తన నమూనా ఎంత చక్కగా సరిపోయిందో బొమ్మలు వేసి చూపడం మొదలుపెట్టింది. ఆవిడ చెయ్యెత్తి ఆపేశారు.

“జరిగిపోయినదానికి సరిపెట్టడం ఎవరైనా చేస్తారమ్మా. జరగబోయేది చెప్పు” అన్నారు.

చిప్పు బొమ్మ తెప్పించుకుని, పెన్ను తీసి, దూరదూరంగా ఉన్న ఐదు క్యూబిట్లకు తన ఇష్టం వచ్చినట్టు సున్నాలు చుట్టారు. వీటి మీద నడిపితే నూటికి ఎన్ని జవాబులు తప్పుతాయో మెషిన్‌ను ముట్టుకోకముందే బోర్డు మీద రాయమన్నారు. బెంగళూరులో సాయిచైతన్య లైన్ మీద సిద్ధంగా ఉన్నాడు.

సుందరరావు గారి నమూనాకు లెక్క వేయడం సులువే. ఐదు క్యూబిట్లు, దేని దారి దానిది, నూటికి ఒక్కటి కూడా తప్పకూడదు. ఆయనే లేచి బోర్డు మీద ‘ఒకటి కన్నా తక్కువ’ అని రాశారు. నవనీత ఆవిడ చుట్టిన సున్నాల వంక చూసింది. ఐదింటిలో మూడు ఒకే బ్యాచ్. తీగ వణికితే ఆ మూడూ కలిసి చెయ్యెత్తుతాయి, మిగతా రెండూ సురేశ్ లాగా గొంతు తగ్గించుకోవాల్సిందే. ఆమె సుద్దముక్క అందుకుని ‘ఎనిమిది’ అని రాసింది. హాల్లో గుసగుసలు లేచాయి. ఇద్దరూ ఒకే సెంటర్, ఒకే మెషిన్, మధ్యలో ఇంత తేడానా అని ఎవరో అననే అన్నారు. హైమవతి గారి చూపు తెర మీద ఉన్న పట్టిక మీద పడింది.

“ఇక్కడ కుందమాంబ అని రాసుందేంటి?”

నవనీత కూడా తెర వైపు తిరిగింది. ఆ పేరు మార్చాలని వెయ్యిసార్లు అనుకుని మరిచిపోయింది. ఇక దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పింది: అశోక్‌నగర్, చేతుల కీ, చెరువు, కుండ. అందరూ ఒకే షీటు చదివితే ఎంతమంది చేతులెత్తినా అది ఒక్క చెయ్యే అని, ఈ మెషిన్‌లో కూడా అదే జరుగుతోందని చెప్పింది. హైమవతి గారు మొహంలో ఏమీ తెలియనివ్వకుండా, నడిపించండి అన్నారు.

ఫలితం రావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్త సమయంలో నవనీతకు వాళ్లమ్మ మాటలు, నింపని ఫారాలు, పొడిగించిన గడువులు అన్నీ కళ్ల ముందు తిరిగాయి. సుందరరావు గారు కిటికీ దగ్గర వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. తెర మీద అంకె పడింది. ఎనిమిదికి ఇసుమంత తక్కువ.

సాయిచైతన్య అటు నుంచి మైకు ఆపడం మరిచిపోయి ఈల వేశాడు.

“మేడమ్, ఇంకొక్కటి నడిపిస్త” అంది నవనీత. ఈసారి ఆమె తానే ఐదు క్యూబిట్లకు సున్నాలు చుట్టింది, ఒక్కో బ్యాచ్ నుంచి ఒక్కటే. ఏ రెండింటికీ ఒకే తీగ లేదు. బోర్డు మీద కొత్తగా ఏమీ రాయలేదు. సుందరరావు గారు రాసిన ‘ఒకటి కన్నా తక్కువ’ చుట్టూ గీత గీసి, ఇప్పుడు సార్ లెక్కే వస్తుంది అంది. వచ్చింది. నూటికి ఒకటి కూడా తప్పలేదు. ఎన్నేళ్లుగానో కిందికి దిగనని మొండికేసిన తప్పు, ఆ మెషిన్ మీదే, ఐదే క్యూబిట్లతో దాదాపు మాయమైపోయింది.

సుందరరావు గారు బోర్డు వంక చూశారు. తన చేతిరాత, దాని చుట్టూ నవనీత గీత. ముందు ఆయనే చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత హాలంతా కొట్టింది. నవనీతకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు, ఆపుకోవాల్సిన పని కూడా లేదు. హైమవతి గారు సంతకం పెట్టి, థీసిస్ ఇచ్చేయొచ్చని, ఆ గుంపులను బ్యాచ్‌లనే పిలవమని, అంతకన్నా మంచి పేరు తనకైతే తోచడం లేదని అన్నారు. వెళ్లేముందు సుందరరావు గారిని పక్కకు పిలిచి, చిన్నప్పుడు తాము కూడా ఇలాంటి కిటుకులతోనే తప్పులు బట్టీ పట్టామని చెప్పి నవ్వారట. బెంగళూరులో ల్యాబ్ వాళ్లు ఆ వారమే ఆ తీగను మార్చే పని మొదలుపెట్టారు. మార్చేదాకా దాన్ని వాళ్లు కూడా కుందమాంబ అనే పిలిచారు.

భూదేవికి ఫోన్ చేస్తే ఆమెకు క్యూబిట్లు అర్థం కాలేదు గానీ బిడ్డ గొంతు అర్థమైంది. ఇగ ఆ ఫారం సంగతి ఇడిసిపెట్టు అంది.

తర్వాతి నెల ఇంకో పరీక్ష జరిగింది. ఆ సాయంత్రం అశోక్‌నగర్ చాయ్ బండి దగ్గర మామూలుగానే జనం చేరారు. సుందరరావు గారు కూడా వచ్చారు. పుట్టి పెరిగింది పక్కనే చిక్కడపల్లిలో అయినా ఆయన ఆ బండి దగ్గర చాయ్ తాగడం అదే మొదలు. జ్యోత్స్న ప్రశ్నలు చదివే ముందు అందర్నీ లేపి, ఒక్కో సార్ దగ్గర చదివినవాళ్లను ఒక్కో గుంపుగా నిలబెట్టింది.

“ఒక బ్యాచ్‌కు ఒక్కటే చెయ్యి. మీరు ఎంతమందున్నా నాకు పనిలేదు. నారాయణగూడ అన్నా, ముందుగాల నువ్వు చెప్పు” అంది.

సురేశ్ ఈసారి గొంతు తగ్గించలేదు. ఒక ప్రశ్నకు సుందరరావు గారు ఉండబట్టలేక తనూ చెయ్యెత్తి తప్పు చెప్పి అక్షింతలు వేయించుకున్నారు. ఆ నవ్వుల మధ్య హాస్టల్‌కు కొత్తగా వచ్చిన చంద్రిక అనే అమ్మాయి నవనీత పక్కకు జరిగి, అక్కా, నువ్వు ఎవరి బ్యాచ్ అని అడిగింది.

నవనీత ఫిజిక్స్ అనబోయింది. జ్యోత్స్నే అందుకుంది.

“ఆ అక్క ఎవ్వరి బ్యాచ్ కాదు. గందుకే మనందరి తప్పు ఆమెకు కనవడ్డది.”

చంద్రికకు ఏమీ అర్థం కాలేదు. పర్లేదు, నిదానంగా చెప్పొచ్చని నవనీత ఇంకో రెండు చాయ్‌లు చెప్పి, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.